ఆ పోలికలోని తేడా

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ, స్వలింగ ప్రేమికుల పట్ల మనం చూపే చులకన చుట్టూ, తిరుగుతున్నందువల్ల, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి శీర్షిక మొత్తాన్ని వీటికే కేటాయిస్తున్నాను. ముగ్గురూ విశాఖపట్నం వారే, ముగ్గురూ పేరు వేయవద్దన్నవారే. గుర్తుపట్టడానికి వీలున్న ఆనవాళ్లను కొద్దిగా మార్చాను.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసి ఏడేళ్లయింది. మేము అయిదుగురు మిత్రులం ప్రతి ఉదయం, బీచ్ రోడ్డులోకి వాహనాలను వదలని వేళలో, కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడిచి, తిరిగి వచ్చి ఒకచోట టీ తాగి ఇళ్లకు వెళతాం. ఇటీవల మాలో ఒకరి అమ్మాయిని అమెరికాలో ఒక దుకాణంలో ఎవరో ‘మీ దేశానికి పొండి’ అన్నారట. అందరం ఎంతో బాధపడ్డాం. వర్ణవివక్ష గురించి రెండు రోజులు అదే చర్చ. మూడోనాడు అదే మిత్రుడు, మధురవాడలో తన కొడుకుతో కలిసి పనిచేసే ఒక కుర్రవాడి ప్రస్తావన వచ్చినప్పుడు ‘వాడు తేడా అటండీ’ అన్నారు. అందరూ నవ్వారు. ‘మీ అమ్మాయిని వాళ్లన్నదీ, ఇప్పుడు మీరన్నదీ ఒకటే కదా’ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. రంగు పుట్టుకతో వచ్చేదనీ, ఇది అలవాటనీ, నల్లజాతివారు తరతరాలుగా పడిన యాతనతో దీన్ని పోల్చడం వారిని అవమానించడమేననీ అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆనాటి నుంచి ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. నా పోలిక తప్పా? తప్పు కాకపోతే, ఈ వయసులో ముప్పై ఏళ్ల స్నేహాన్ని చెడగొట్టుకొని మరీ వాదించడం అవసరమా?

జవాబు: మీరు పోల్చడం తప్పు కాదు గాని, ‘ఒకటే కదా’ అనడం తప్పు. మీ మిత్రుడు కోపంలో అన్నా సరే, ఆయన మాటలో సగం నిజం ఉంది కనుక ముందు ఆ సగాన్ని ఒప్పుకొని, తరువాత మిగిలిన సగం సంగతి చూద్దాం.

అమెరికాలో నల్లజాతివారిని 1865 దాకా చట్టబద్ధంగానే కొన్నారు, అమ్మారు. తల్లి ఒక యజమానికి, బిడ్డ మరొక యజమానికి పోవడం అక్కడ వింత కాదు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా దక్షిణాది రాష్ట్రాలలో వారికి బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి వేరు. బడుల సంగతి 1954లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. హోటళ్ల సంగతి, ఉద్యోగాల సంగతి 1964 నాటి పౌరహక్కుల చట్టం తేల్చింది. అయినా కొన్ని తరాలపాటు భూమీ చదువూ అందనివ్వకపోవడం వల్ల కలిగిన లేమి, ఇతరులకు ఆస్తి సంక్రమించినట్లే, వారికి తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించింది. స్వలింగ ప్రేమికుల చరిత్ర ఇటువంటిది కాదు. వారు పూరింట్లోనూ పుడతారు, మేడలోనూ పుడతారు. వారి తాతలు అదే కారణానికి కష్టపడి ఉండాలని లేదు. కాబట్టి ఒకరి బాధను మరొకరి బాధతో తూచే పోలిక నిలవదు. తూచబోవడం మర్యాద కూడా కాదు.

నిలిచే పోలిక మరొకటి ఉంది. ఆ బాధలను సమర్థించడానికి పెద్దమనుషులు చెప్పిన కారణాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1958లో వర్జీనియా రాష్ట్రానికి చెందిన రిచర్డ్ లవింగ్ అనే తెల్లజాతి తాపీమేస్త్రీ, మిల్డ్రెడ్ అనే నల్లజాతి యువతి, తమ రాష్ట్రంలో అటువంటి పెళ్లి నేరం కనుక వాషింగ్టన్ నగరానికి వెళ్లి పెళ్లి చేసుకొని ఊరికి తిరిగి వచ్చారు. కొద్ది వారాలకే ఒక రాత్రి పోలీసులు వారి పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశారు. పాతికేళ్లపాటు రాష్ట్రంలో కలిసి అడుగుపెట్టకుండా ఉంటే ఏడాది జైలుశిక్షను ఆపుతానన్న న్యాయమూర్తి, దేవుడు ఒక్కొక్క జాతిని ఒక్కొక్క ఖండంలో పెట్టాడనీ, అలా వేరుచేసి పెట్టడమే ఆ జాతులు కలవకూడదన్న ఆయన సంకల్పానికి సాక్ష్యమనీ రాశారు. కేసు సుప్రీంకోర్టుకు చేరినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మరొక తెలివైన వాదన చేసింది: తెల్లవారికీ నల్లవారికీ ఒకే శిక్ష వేస్తున్నాం, ఇందులో వివక్ష ఎక్కడుంది? 1967 జూన్ 12న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చారు. ఆనాటికి అటువంటి చట్టాలు ఇంకా 16 రాష్ట్రాలలో ఉన్నాయి.

ఇప్పుడు మన చట్టం వైపు చూడండి. మెకాలే ముసాయిదా నుంచి పుట్టి 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ‘ప్రకృతి క్రమానికి విరుద్ధమైన’ సంపర్కాన్ని నేరంగా ప్రకటించింది. అక్కడ దేవుడి ఏర్పాటు, ఇక్కడ ప్రకృతి ఏర్పాటు. ‘గే అయినవాడికి కూడా అందరిలాగే ఆడపిల్లను పెళ్లాడే హక్కు ఉంది కదా, ఇంకేం కావాలి’ అని మన టీవీ చర్చలలో వినిపించే మాట, వర్జీనియా ప్రభుత్వం చెప్పిన ‘ఇద్దరికీ ఒకే శిక్ష’ అన్న మాటకు కవల సోదరి. ఈ పోలిక నల్లజాతివారికి అవమానమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మీకూ నాకూ మీ మిత్రుడికీ కంటే మిల్డ్రెడ్ లవింగ్‌కు ఎక్కువ. ఆమె 2007లో, తమ తీర్పుకు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా, స్వలింగ జంటలకు కూడా పెళ్లి హక్కు ఉండాలని బహిరంగంగా ప్రకటించారు. వర్ణవివక్ష పాలన నుంచి బయటపడిన దక్షిణాఫ్రికా 1996లో రాసుకున్న రాజ్యాంగంలో, జాతి పేరిట వివక్ష కూడదన్న నిబంధనలోనే లైంగిక అభిరుచి పేరిట వివక్ష కూడదని చేర్చింది. రాజ్యాంగం ద్వారా ఆ పని చేసిన మొదటి దేశం ప్రపంచంలో అదే.

బేయర్డ్ రస్టిన్ అనే ఆయన కథ మీ మిత్రుడికి తప్పక చెప్పండి. గాంధేయ మార్గాన్ని అధ్యయనం చేయడానికి 1948లో మన దేశానికి వచ్చిన నల్లజాతి నాయకుడాయన, మార్టిన్ లూథర్ కింగ్ చరిత్రాత్మక ప్రసంగం చేసిన 1963 ఆగస్టు 28 నాటి వాషింగ్టన్ మహాప్రదర్శనకు ప్రధాన నిర్వాహకుడు, గే. ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు జాతి వేర్పాటును సమర్థించే ఒక సెనేటరు ఆయన పాత అరెస్టును సభలో ఎత్తి చూపి పరువు తీయబోయాడు. అది శత్రువు చేసిన పని. అంతకు మూడేళ్ల ముందు, 1960లో, సొంత జాతికే చెందిన ఒక రాజకీయ నాయకుడు పుకారు పుట్టిస్తానని బెదిరిస్తే, కింగ్ అంతటివారు కూడా రస్టిన్‌ను దూరం పెట్టారు. వివక్షను తిన్నవాడు వివక్ష చూపడన్న నమ్మకం ఎక్కడా నిలవలేదు, మన దగ్గర కూడా. 1923లో అమెరికాలో స్థిరపడిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసు అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ఆయన రంగును బట్టి పౌరసత్వం ఇవ్వడం అన్యాయమని వాదించలేదు. తాను అగ్రవర్ణ ఆర్యుణ్ణి కనుక తెల్లవాడి కిందే లెక్క అని వాదించి ఓడిపోయారు. గోడ కూల్చమనలేదు, గోడకు అటు పక్కన చోటిమ్మన్నారు. అన్నట్టు, ఆ వివక్షకు మనం తెలుగులో పెట్టుకున్న పేరు ‘వర్ణవివక్ష’. ఆ మాట కోసం మనం మరీ దూరం వెళ్లి వెతకవలసిన అవసరం రాలేదు.

‘పుట్టుకతో వచ్చేది’ అన్న వాదానికి ఒక్క మాట. స్వలింగ ప్రేమ ఎవరూ కోరి తెచ్చుకునేది కాదని నిపుణులు చెబుతారు గాని, మీ వాదనను దాని మీద నిలబెట్టకండి. మన రాజ్యాంగం 15వ అధికరణం జాతి, కులం, లింగం, జన్మస్థానంతో పాటు మతాన్ని కూడా చేర్చింది. మతం మార్చుకోవచ్చు; అయినా ఎవరినీ మార్చుకోమని నిర్బంధించకూడదనే కదా ఆ రక్షణ.

ఇంతవరకూ పోలిక. మీ రెండో ప్రశ్నకు జవాబు మాత్రం ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే ఉంది. రంగు కనబడుతుంది, ఇది కనబడదు. రంగు కారణంగా బడిలో మాటపడిన పిల్లవాడు ఇంటికి వస్తే అదే రంగు తల్లి అక్కున చేర్చుకొని, తన చిన్నప్పుడు తానెలా తట్టుకున్నదో చెబుతుంది. గే అయిన పిల్లవాడు మాత్రం ఆ వెక్కిరింతను చాలాసార్లు మొదట వినేది ఇంట్లోనే, భోజనాల దగ్గరే, తనను ప్రాణంగా చూసుకునేవారి నోటే. మీ మిత్రుడు నల్లజాతి మనిషి పక్కన నడుస్తుండగా రంగు మీద జోకు వేయరు. వేస్తే ఎవరికి తగులుతుందో ఆయనకు తెలుసు. ‘తేడా’ అన్న జోకు అలా కాదు. మీరు అయిదుగురు. మీ మీ కొడుకులు, తమ్ముళ్లు, మనవలు ఎందరు? ఆ అయిదుగురిలోనే నలభై ఏళ్లుగా నోరు మెదపని మనిషి ఒకరు లేరని ఎవరు చెప్పగలరు? అందుచేత మీరు మాట్లాడవలసింది జోకు వేసిన మనిషిని ఓడించడానికి అని అనుకోకండి. విని నవ్వినట్లు నటించిన మనిషి ఒకరుంటే, అక్కడ నవ్వని మనిషి కూడా ఒకరున్నారని ఆయనకు తెలియాలి. ఆ పని ఆ ఉదయమే జరిగిపోయింది. దాన్ని మళ్లీ మళ్లీ చేయనక్కర లేదు.

ఇక స్నేహం. నలుగురి ఎదుట తప్పు పట్టించుకున్న మనిషి తన అభిప్రాయాన్ని కాపాడుకోడు, ముఖాన్ని కాపాడుకుంటాడు. రస్టిన్ కథ అయినా, లవింగ్ దంపతుల కథ అయినా టీ దగ్గర విప్పకండి. ఇద్దరే ఉన్న రోజు చూసుకొని, ముందు ఆ అమ్మాయి ఎలా ఉందని అడగండి. ఆ తరువాత, ఆ దుకాణంలో ఉన్న మిగతావారు ఆ సమయంలో ఏం చేశారని అడగండి. ఎవరైనా ఆమె తరఫున ఒక్క మాట అన్నారా, లేక తలలు దించుకొని సామాన్లు చూసుకున్నారా? ఏ తండ్రీ ఆ వివరాన్ని మరిచిపోడు. ఆయన చెప్పడం పూర్తయ్యాక మీరు అదనంగా ఏమీ అనవలసి రాకపోవచ్చు.

ప్రశ్న: మా తోటికోడలి కొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లి ఎందుకు వద్దంటున్నాడో తల్లికి చెప్పేశాడు. ఆమె ఏడ్చి, నాకు చెప్పి, ఇప్పుడు ఒకవైపు ‘దీనికి మందు ఇచ్చే డాక్టరు’ కోసం వాకబు చేస్తూ, మరొకవైపు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే అదే సర్దుకుంటుందని మా అత్తగారి తరఫువారందరి మాట. నేను కాదంటే ‘నీ కొడుకైతే తెలిసేది’ అంటున్నారు. నేను ఇంటర్ చదివినదాన్ని. వాళ్లలో ఇంజనీర్లు ఉన్నారు. ఎలా చెప్పమంటారు? — గాజువాక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇంజనీర్లకు భయపడకండి. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే పట్టాపుచ్చుకున్న డాక్టరు, బానిసలు యజమాని దగ్గర నుంచి పారిపోవాలనుకోవడం ఒక మానసిక రోగమని కొత్త పేరు పెట్టి మరీ వ్యాసం రాశాడు. చదువుకున్నవారి అజ్ఞానానికి పెద్ద పెద్ద పేర్లుంటాయి, అంతే. స్వలింగ ప్రేమకు కూడా అలాగే చాలా కాలం రోగమన్న పేరుండేది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో ఆ పేరు తీసివేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తన వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. మన దేశంలో, స్వలింగ ప్రేమను మార్చేస్తామనే ఈ ‘మార్పిడి చికిత్స’ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. కాబట్టి మీ తోటికోడలికి అటువంటి డాక్టరు దొరికితే, ఆ దొరికిన డాక్టరే తప్పు చేస్తున్నట్లు లెక్క. తల్లి కంటనీరు ఆగక నిద్రపట్టని స్థితిలో ఉంటే, అబ్బాయిని కాదు, ఆమెనే ఒక మంచి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. అది ఆమెకు ఉపకారం చేస్తుంది.

పెళ్లి విషయంలో మాత్రం మీరు మెత్తబడవద్దు. ఇందులో ఆ అబ్బాయి కంటే ముందు నష్టపోయేది, ఇంకా మొహమైనా తెలియని ఒక ఆడపిల్ల. ‘మన అమ్మాయికే ఇలాంటి సంబంధం వస్తే, దాచి చేస్తే, మనం ఊరుకుంటామా వదినా?’ అని ఒక్కసారి అడగండి. మీ అత్తగారి తరఫువారిలో ఆడపిల్లల తల్లులు ఉంటారు. జవాబు వారి నుంచే వస్తుంది.

‘నీ కొడుకైతే తెలిసేది’ అన్న దెప్పుకు ఎదురు దెప్పు వెతకకండి. 2021లో మద్రాసు హైకోర్టులో ఇద్దరు యువతుల కేసు విచారించిన న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకే పూర్తిగా అర్థం కాలేదనీ, తనలోనూ పాత అభిప్రాయాలు ఉన్నాయనీ తీర్పులోనే ఒప్పుకున్నారు. మనస్తత్వ నిపుణుల దగ్గర కూర్చొని తెలుసుకొని, ఆ తరువాతనే ఆదేశాలు రాశారు. హైకోర్టు న్యాయమూర్తికి లేని నామోషీ మనకెందుకు? ‘నాకూ తెలియదు వదినా, ఇద్దరం కలిసి తెలుసుకుందాం’ అనండి. నా సంగతి కూడా చెబుతాను. పాతికేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక గుమాస్తా నడకను మేమందరం అనుకరించి నవ్వుకునేవాళ్లం. అతను కూడా నవ్వేవాడు. బదిలీ అయి వెళ్లే రోజున అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు గాని, నా బల్ల దగ్గరికి రాలేదు. నేను అతన్ని అందరికంటే బాగా అనుకరించేదాన్ని.

ప్రశ్న: నేను గేని. వయసు ఇరవై నాలుగు, ఉద్యోగం ఉంది. నా స్నేహితులకు తెలియదు. వాళ్లలో ఒకడు జోకులు వేస్తాడు. ఇంకొకడు అతనితో వాదిస్తూ ప్రతిసారీ అమెరికా నల్లజాతి ఉద్యమం తెస్తాడు. నేను అంత కష్టం ఏమీ పడలేదు కనుక అది వింటే సిగ్గుగా ఉంటుంది. అసలు చట్టం నాకు ఇప్పుడు ఏం ఇస్తోంది? వాళ్లకు చెప్పాలా?

జవాబు: మీ సిగ్గు మీ మంచితనం నుంచి వచ్చింది, కాని లెక్క తప్పింది. స్నేహితుల మధ్య కూర్చొని ప్రతి మాటా ఆచితూచి మాట్లాడటం కూడా కష్టమే. దానికి బానిసత్వమంత బరువు ఉండనక్కర లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ పరిధి నుంచి వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, మీ సంఖ్య అత్యల్పమనీ, నూట యాభై ఏళ్లకు పైగా కాలంలో విచారణ ఎదుర్కొన్నవారు రెండు వందల లోపేననీ అంటూ ఆ తీర్పును కొట్టివేసింది. తక్కువమంది అయితే హక్కు అక్కరలేదన్న ఆ తర్కాన్ని నేను ఇప్పటికీ జీర్ణించుకోలేను. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సరిదిద్దింది. ఇంతకాలం ఆలస్యం చేసినందుకు ఈ సమూహానికీ, వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా రాశారు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేనే లేదు. పెళ్లి హక్కు మాత్రం రాలేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు దాన్ని పార్లమెంటుకు వదిలివేసింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి గాని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి గాని అడ్డు లేదని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి బలవంతంగా తీసుకువెళ్లిన ఒక యువతికి, మరొక యువతితో కలిసి జీవించే స్వేచ్ఛ ఉందని తేల్చి చెప్పింది. కన్నవారు జోక్యం చేసుకోకూడదని కూడా ఆదేశించింది.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. స్నేహితుల అజ్ఞానాన్ని పోగొట్టే బాధ్యత మీ మీద లేదు. ఆ బాధ్యత మొదటి ఉత్తరం రాసిన పెద్దాయన వంటివారిది, నావంటిదానిది. చెప్పదలిస్తే గ్రూపు మొత్తానికి ఒకేసారి చెప్పకండి. వాదించే స్నేహితుణ్ణే ఎంచుకోవాలని కూడా లేదు. వాదన మీద ప్రేమ వేరు, మనిషి మీద ప్రేమ వేరు. జోకు పడినప్పుడు నవ్వకుండా ఫోను చూసుకునేవారు ఒకరు ఉండే ఉంటారు, ఈ నెలంతా గమనించండి. ఇంట్లో చెప్పే ఆలోచన ఉంటే పండగ రోజు, చుట్టాలున్న రోజు వద్దు. జీతం పడే ఖాతా మీ ఒక్కరి పేరిటే ఉండేలా, సర్టిఫికెట్లు మీ చేతిలో ఉండేలా చూసుకోండి. చెప్పిన రాత్రి ఇంట్లో ఉండలేకపోతే ఎవరింట్లో పడుకోగలరో వారితో ముందుగానే మాట్లాడి ఉంచండి.